కంటి సలహాలు: లేజర్ ఎవరికి కుదురుతుంది, ఎవరికి కుదరదు

ఈసారి ఈ శీర్షికకు అందిన ఉత్తరాల్లో సగానికి పైగా కళ్లద్దాలు వదిలించుకునే మార్గం చెప్పమని కోరినవే. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, పాఠకుల పేర్లు తీసేసి, వారు పంపిన రిపోర్టుల్లోని అంకెల ఆధారంగా జవాబులు ఇస్తున్నాను. కన్ను చూడకుండా ఎవరికీ ఆపరేషన్ ఖాయం చేయడం గానీ రద్దు చేయడం గానీ కుదరదు కనుక, వీటిని మీ డాక్టరును ఏమేం అడగాలో తెలుసుకోవడానికి వాడుకోవాలని మనవి.

ప్రశ్న: నా వయసు 26. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కుడి కంటికి మైనస్ 6.5, ఎడమ కంటికి మైనస్ 6 పవర్ ఉంది. రెండేళ్లుగా మారలేదు. కార్నియా మందం 498 మైక్రాన్లని రిపోర్టులో రాశారు. నగరంలో మూడు ఆసుపత్రులకు వెళితే ఒకచోట లాసిక్ చాలన్నారు, మరోచోట స్మైల్ మంచిదన్నారు, మూడోచోట లేజర్ వద్దు, ఐసీఎల్ పెట్టించుకోమన్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక సోదరి, కొండాపూర్

జవాబు: ముగ్గురిలో ఎవరో ఒకరు మిమ్మల్ని మోసం చేస్తున్నారని అనుకోనవసరం లేదమ్మా. మీ అంకెలు అటూ ఇటూ కాకుండా సరిగ్గా అంచు మీద ఉన్నాయి. అంచు మీద ఉన్న కంటి విషయంలో డాక్టర్ల అభిప్రాయాలు వేరుగా ఉండటం మామూలే. ఆ అంచు ఎక్కడుందో లెక్క వేసి చూపిస్తాను.

కంటి ముందు భాగంలో గాజులా కనిపించే పారదర్శకమైన పొరే కార్నియా. వెలుతురును కంటి వెనక తెర అయిన రెటీనా మీదికి చేర్చే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు ఇదే చేస్తుంది. మీలాగా మైనస్ పవర్ ఉన్నవారిలో కనుగుడ్డు కాస్త పొడవుగా ఉండి దూరపు బొమ్మ రెటీనాకు ముందే పడుతుంది కాబట్టి, కార్నియా మధ్య భాగాన్ని లేజర్‌తో కొంత చెక్కి చదును చేస్తే బొమ్మ వెనక్కి జరిగి సరైన చోట పడుతుంది. చెక్కడానికి సరిపడా మందం ఉందా, చెక్కగా మిగిలింది కంటి లోపలి ఒత్తిడిని జీవితాంతం తట్టుకుంటుందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. చాలామందిలో ఈ మందం 520 నుంచి 550 మైక్రాన్ల వరకు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది.

లాసిక్‌లో ముందు కార్నియా పైన సుమారు 110 మైక్రాన్ల మందంతో ఒక పలుచని మూత లాంటి ఫ్లాప్ కోస్తారు. ఇప్పుడు చాలాచోట్ల దీన్ని బ్లేడుతో కాకుండా ఫెమ్టోసెకండ్ లేజర్‌తోనే కోస్తున్నారు. ఆ ఫ్లాప్ ఎత్తి, కింది పొరను ఎక్సైమర్ లేజర్‌తో చెక్కి, మళ్లీ యథాస్థానంలో పరుస్తారు. (ఈ ఎక్సైమర్ కిరణం చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా అతి సన్నగా కోయగలదని మొదట గమనించినవారిలో ఒకరు మద్రాసులో పుట్టి అమెరికాలోని ఐబీఎం సంస్థలో పనిచేసిన రంగస్వామి శ్రీనివాసన్. 1981లో ఆయన ఆ ప్రయోగం చేసింది పండుగ విందులో మిగిలిపోయిన టర్కీ కోడి మాంసం మీద.) చెక్కే వలయం వ్యాసం 6.5 మిల్లీమీటర్లయితే ఒక్కో డయాప్టర్ (పవర్ కొలిచే ప్రమాణం) పవర్‌కు సుమారు 14 మైక్రాన్లు పోతాయి. మీ కుడి కంటి ఆరున్నరకు 90 మైక్రాన్లు అనుకుందాం. 498లో ఫ్లాప్‌కు 110, చెక్కడానికి 90 తీసేస్తే అడుగున 298 మిగులుతాయి. కనీసం 250 మిగలాలన్నది పాత నియమం. 300 ఉంటే తప్ప ముట్టుకోని డాక్టర్లు ఇప్పుడు చాలామంది. పైగా ఫ్లాప్, చెక్కుడు కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటితే తరవాతి కాలంలో కార్నియా సాగే ప్రమాదం పెరుగుతుందని మరో లెక్క ఉంది. మీ విషయంలో అది సరిగ్గా 40 దగ్గరే ఆగింది. మొదటి డాక్టరు గారు 250 లెక్కన సరేనన్నారు, మూడో డాక్టరు గారు 300 లెక్కన వద్దన్నారు అనుకుంటే ఇద్దరి మాటకూ ఆధారం ఉంది.

స్మైల్‌లో ఫ్లాప్ ఉండదు. ఫెమ్టోసెకండ్ లేజర్ కార్నియా లోపలే సన్నని లెన్సు ఆకారంలో ఒక బిళ్లను గీస్తుంది. దాన్ని రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల చిన్న కోత గుండా డాక్టరు బయటికి లాగుతారు. నరాలు తక్కువ తెగుతాయి కనుక మొదటి కొన్ని నెలలు కళ్లు పొడిబారడం లాసిక్‌తో పోలిస్తే తక్కువగా ఉంటుంది, దెబ్బ తగిలితే ఫ్లాప్ జరుగుతుందన్న భయమూ ఉండదు. ఇవి నిజమైన లాభాలే. అయితే కార్నియా పలుచగా ఉన్నవారికి స్మైల్ మందు లాంటిదని ప్రచారం చేయడం సరికాదు. అదే పవర్‌కు స్మైల్ తీసే కణజాలం లాసిక్ కన్నా తక్కువేమీ కాదు, కొన్నిసార్లు కాస్త ఎక్కువే. పైపొరలు చెక్కుచెదరవు కాబట్టి పటుత్వం ఎక్కువ మిగులుతుందన్న వాదన ఉంది గానీ, దాన్ని నమ్ముకుని అంచు దాటడాన్ని నేను సమర్థించను. కొంత పవర్ మిగిలిపోతే మళ్లీ స్మైల్ చేయడం సులువు కాదు, సాధారణంగా పైపైన పీఆర్కే చేయవలసి వస్తుంది.

మీకు ఎవరూ చెప్పని నాలుగోది ఆ పీఆర్కేనే. ఫ్లాప్ కోయకుండా, పై చర్మం లాంటి పొరను తొలగించి నేరుగా చెక్కుతారు. ఆ పొర తిరిగి పెరిగేదాకా మూడు నాలుగు రోజులు మంట, నీళ్లు కారడం ఉంటాయి, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. పలుచని కార్నియాకు, ఓ మోస్తరు పవర్‌కు ఇది మంచి పద్ధతి. ఆరు దాటిన పవర్లకు చేస్తే కార్నియా మీద మసక ఏర్పడే అవకాశం పెరుగుతుంది. మైటోమైసిన్ అనే మందు అద్ది దాన్ని చాలావరకు నివారిస్తారు. అయినా మీకు ఇదే మొదటి ఎంపిక అనలేను.

ఇక ఐసీఎల్‌లో కార్నియాను చెక్కే పనే లేదు. కనుపాప వెనక, మీ సహజ లెన్సుకు ముందు, ఒక మెత్తని లెన్సును మడిచి చిన్న కోత గుండా అమరుస్తారు. అవసరమైతే ఎప్పుడైనా తీసేయవచ్చు. కాకపోతే ఇది కంటి లోపల చేసే ఆపరేషన్. ఇన్ఫెక్షన్ చాలా అరుదు, వస్తే మాత్రం తీవ్రంగా ఉంటుంది. లెన్సు కొలత కుదరకపోతే ఒత్తిడి పెరగవచ్చు, ముందుగానే శుక్లం రావచ్చు. ఖర్చు కూడా వీటన్నిటిలో ఎక్కువ. కార్నియాకూ సహజ లెన్సుకూ మధ్య ఉండే ముందు గది లోతు సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి, కొన్నిచోట్ల 2.8 వరకు ఒప్పుకుంటారు. కార్నియా లోపలి కణాల సంఖ్య కూడా చూడాలి. ఈ రెండు అంకెలూ మీరు రాయలేదు.

ముందు గది లోతు సరిపోతే నా మొగ్గు ఐసీఎల్ వైపే. ఎడమ కంటికి పవర్ కొంచెం తక్కువే అయినా రెండు కళ్లకూ ఒకే పద్ధతి ఉంటేనే తరవాతి పరీక్షలకు సౌకర్యం. అయితే నిర్ణయానికి ముందు ఒక్క విషయం సరిచూసుకోండి: ఆ మూడు ఆసుపత్రులకు వెళ్లేముందు మీరు కాంటాక్ట్ లెన్సులు ఆపారా? మెత్తని లెన్సులయితే కనీసం ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సులయితే మూడు నాలుగు వారాలు ఆపాక తీసిన కొలతలే నమ్మదగ్గవి. లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకారం మారి ఉంటే మూడు చోట్ల మూడు రకాల రిపోర్టులు రావడంలో వింత లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్‌లో ఉంటోంది. ఏటా పవర్ పెరిగి మైనస్ 4కు వచ్చింది. సోడాబుడ్డి అద్దాలని తోటివాళ్లు ఏడిపిస్తున్నారట. ఎండాకాలం సెలవుల్లో లేజర్ చేయించవచ్చా?
— ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. 18 ఏళ్లు నిండడం ఒక షరతు మాత్రమే. ఏడాది కాలంలో పవర్ అర పాయింటుకు మించి మారకుండా ఉండటం అంతకన్నా ముఖ్యమైనది. ఏటా పెరుగుతున్న కంటికి లేజర్ చేస్తే ఇవాళ్టి పవర్ పోతుంది, వచ్చే ఏడాది పెరగబోయేది మళ్లీ అద్దాలు తెచ్చిపెడుతుంది, రెండోసారి చెక్కడానికి కార్నియా మిగలకపోవచ్చు. అంతవరకు హై ఇండెక్స్ (అదే పవర్‌కు పలుచగా ఉండే) అద్దాలు, చిన్న గుండ్రని ఫ్రేము తీసుకుంటే మైనస్ 4 పవర్ పెద్దగా లావుగా కనిపించదు. హాస్టల్‌లో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోనివ్వాలా అన్నది మీ అమ్మాయి శుభ్రత మీద ఆధారపడి ఉంటుంది. కుళాయి నీళ్లతో లెన్సులు కడగడం, పెట్టుకునే నిద్రపోవడం కంటికి పుండు తెచ్చిపెట్టే అలవాట్లు. పెరుగుతున్నది మామూలు మైనస్సా, సిలిండర్ పవరా (కార్నియా వంపు అన్ని దిశల్లో సమంగా లేకపోతే వచ్చేది) అని చీటీలో చూడండి. సిలిండర్ అయితే ఒకసారి కార్నియా స్కాన్ చేయించండి. ఎందుకో కింద మరో తండ్రిగారి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: నా కుమారుడి వయసు 22. చిన్నప్పటి నుంచి కళ్ల దురద, దుమ్ముకు తుమ్ములు. లేజర్ కోసం వెళితే పెంటాకామ్ స్కాన్ తీసి, కెరటోకోనస్ అనుమానం ఉందని, లేజర్ ఎప్పటికీ కుదరదని, ఆరు నెలలకోసారి రమ్మని చెప్పారు. సిలిండర్ పవర్ 2.5 ఉంది. వేరే ఆసుపత్రిలో చేస్తారని స్నేహితులు అంటున్నారట. వెళ్లమంటారా?
— ఒక తండ్రి, మల్కాజిగిరి

జవాబు: రెండో అభిప్రాయం కోసం తప్పకుండా వెళ్లండి, లేజర్ చేసేవారిని వెతుక్కుంటూ మాత్రం వెళ్లకండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

కెరటోకోనస్‌లో కార్నియా కాలక్రమేణా పలుచబడి, కంటి లోపలి ఒత్తిడికి కోనులాగా ముందుకు పొడుచుకొస్తుంది. తొలిదశలో చూపు అద్దాలతో పూర్తిగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మార్పు ముందుగా కార్నియా వెనక ఉపరితలంలో మొదలవుతుంది, దాన్ని పెంటాకామ్ వంటి స్కాన్‌లు మాత్రమే పట్టుకోగలవు. మీ దగ్గరున్న రంగుల మ్యాపులో కింది సగాన ఎర్రటి మచ్చ ఉంటే అది అక్కడ వంపు ఎక్కువైందని చెప్పే గుర్తు. ఇలాంటి కంటికి లాసిక్ చేయడం నానిన మట్టిగోడను ఇంకాస్త చెక్కడమే. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో కార్నియా సాగిపోయి, చివరికి కార్నియా మార్పిడి దాకా వెళ్లిన కేసులు ఉన్నాయి. మీ అబ్బాయికి వద్దని చెప్పిన డాక్టరు గారు లేజర్ ఫీజు వదులుకుని ఆ మాట చెప్పారని గుర్తుంచుకోండి.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని దురద తగ్గించడం, కళ్లు నలపడం పూర్తిగా మానిపించడం. పిడికిలి వేళ్ల కణుపులతో కళ్లు గట్టిగా నులుముకునే అలవాటు ఈ జబ్బును ముందుకు తోస్తుంది. నిద్రలో కూడా నలుపుకుంటారు, ఇంట్లోవాళ్లు గమనిస్తే తప్ప తెలియదు. అలర్జీ చుక్కల మందు డాక్టరు రాసిందే వాడండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే నీటికాసుల జబ్బు కొని తెచ్చుకున్నట్లవుతుంది.

ఆరు నెలల తరవాత తీసే స్కాన్‌లో వంపు పెరిగినట్లు తేలితే సీ3ఆర్ అనే చికిత్స ఉంది. బీ2 విటమిన్ అయిన రైబోఫ్లేవిన్ చుక్కలు కార్నియాలో ఇంకాక, కొలిచిన మోతాదులో అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి, కార్నియా పోగుల మధ్య బంధాలను గట్టిపరుస్తారు. జర్మనీ డాక్టర్లు దీన్ని రోగులపై వాడి 2003లో ఫలితాలు ప్రకటించారు, అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. ఇది అద్దాలు తీసేయడానికి చేసేది కాదు, జబ్బును ఉన్నచోట ఆపడానికి. చూపు కోసం తరవాత గట్టి లెన్సులో, కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సులో వాడవలసి రావచ్చు. మెహదీపట్నం దగ్గరి సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో గానీ, 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో గానీ, కార్నియా నిపుణులున్న మరెక్కడైనా గానీ పాత స్కాన్ చేతిలో పెట్టి అడగండి. పాత రిపోర్టు దాచిపెట్టి "కొత్తగా చూడండి" అనడం చాలామంది చేసే పని, దానివల్ల నష్టపోయేది మీరే. పోల్చి చూడటానికి పాత స్కాన్ లేకపోతే జబ్బు పెరుగుతోందో లేదో తేలడానికి ఇంకో ఆరు నెలలు పడుతుంది.

ప్రశ్న: వయసు 45. ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. దూరానికి రెండు కళ్లకూ మైనస్ 2.5. ఈ మధ్య జవాబు పత్రాలు దిద్దేటప్పుడు అద్దాలు తీసేస్తేనే హాయిగా ఉంటోంది. లేజర్ చేయించుకుంటే దూరపు అద్దాలు, దగ్గరి అద్దాలు రెండూ పోతాయా?
— ఒక ఉపాధ్యాయుడు, హయత్‌నగర్

జవాబు: రెండూ పూర్తిగా పోవు మాస్టారూ. పైగా ఇప్పుడు మీకున్న ఒక సౌకర్యం పోతుంది.

మైనస్ 2.5 ఉన్న కంటికి అద్దాలు లేకుండా 40 సెంటీమీటర్ల దూరంలోనివి స్పష్టంగా కనిపిస్తాయి. జవాబు పత్రం పట్టుకునే దూరం కూడా అంతే. నలభై దాటాక కంటి లోపలి లెన్సు బిగుసుకుని చత్వారం వచ్చినా, మీ మైనస్ పవర్ దాన్ని కప్పిపుచ్చుతోంది. రెండు కళ్లకూ లేజర్ చేసి దూరం చూపు సున్నాకు తెస్తే బస్సు మీద బోర్డు చదవడానికి అద్దాలు అక్కర్లేదు గానీ, మర్నాటి నుంచే దినపత్రిక చదవడానికి అద్దాలు కావాలి. ఫోన్ మోగిన ప్రతిసారీ జేబు తడుముకోవలసి వస్తుంది. ఇది తెలియక చేయించుకుని, "చూపు పాడుచేశారు" అని బాధపడే నడివయసువారిని తరచూ చూస్తుంటాం.

మధ్యేమార్గంగా మోనోవిజన్ అనే పద్ధతి ఉంది. మీకు బలమైన కంటిని దూరానికి పూర్తిగా సరిచేసి, రెండో కంటిలో మైనస్ 1.25 నుంచి 1.5 వరకు ఉద్దేశపూర్వకంగా వదిలేస్తారు. ఒక కన్ను దూరం, మరో కన్ను దగ్గర చూస్తాయి. కొందరి మెదడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, కొందరికి ఎప్పటికీ నప్పదు, మెట్లు దిగేటప్పుడు లోతు అంచనా తప్పుతుంది. అందుకే ముందు కాంటాక్ట్ లెన్సులతో అదే ఏర్పాటు చేసి, ఓ రెండు వారాలు బడికి వెళ్లి చూడండి, రాత్రిపూట విజయవాడ హైవే మీద ఎవరి పక్కనైనా కూర్చుని ఎదురు లైట్లు ఎలా ఉన్నాయో గమనించండి. అది నచ్చితేనే లేజర్ మాట.

మీ వయసులో మరో సంగతి కూడా ఆలోచించాలి. ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లలో శుక్లాల ఆపరేషన్ అవసరం పడితే, అప్పుడు పెట్టే లెన్సుతోనే దూరం పవర్ సరిచేయవచ్చు. నన్నడిగితే, దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో కనిపించే ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకుని, పేపర్లు దిద్దేటప్పుడు తీసి బల్ల మీద పెట్టుకోవడమే మీకు సుఖం.

ప్రశ్న: అన్నయ్యా, నేను రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు, పోలీసు ఉద్యోగానికి కూడా చదువుతున్నాను. మైనస్ 1.75 ఉంది. లేజర్ చేయించుకుంటే గుర్తు కూడా మిగలదని, వైద్య పరీక్షలో తెలియదని కోచింగ్ సెంటర్ దగ్గర చెబుతున్నారు. నిజమేనా?
— ఒక అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: నిజం కాదు తమ్ముడూ. కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్ కింద ఫ్లాప్ అంచు ఏళ్ల తరవాత కూడా కనిపిస్తుంది. స్మైల్, పీఆర్కేలలో అంచు కనిపించకపోయినా కార్నియా టోపోగ్రఫీ (వంపుల మ్యాపు) తీస్తే మధ్యభాగం చదునైన సంగతి ఇట్టే బయటపడుతుంది. లోకో పైలట్ పోస్టుకు రైల్వే ఏ-1 వైద్య ప్రమాణం పెట్టింది. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి, లాసిక్ వంటి పవర్ సరిచేసే ఆపరేషన్ చేయించుకున్నవారు అర్హులు కారు. అంటే చేయించుకోకపోతే 6/6 రాదు, చేయించుకుంటే అర్హత పోతుంది. కష్టంగా ఉన్నా ఇది ఇప్పుడే తెలుసుకోవడం మేలు. వైమానిక దళం కొన్ని శాఖల్లో లేజర్‌ను అనుమతిస్తుంది గానీ, 20 ఏళ్లు నిండాకే చేయించుకుని ఉండాలి, చేయించుకుని 12 నెలలు గడవాలి వంటి షరతులు ఉన్నాయి. పోలీసు నియామకాలకు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో కంటి ప్రమాణాల పేరాను మీరే చదవండి, అర్థం కాకపోతే ఆ పేజీ తీసుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. దరఖాస్తు గడువుకు ముందు నెల హడావిడిగా చేయించుకోవడం అన్నిటికన్నా అనవసరమైన పని.

ప్రశ్న: మైనస్ 8 పవర్‌కు 25వ ఏట లాసిక్ చేయించుకున్నాను. ఇప్పుడు 38. మళ్లీ మైనస్ 0.75 వచ్చిందన్నారు. వారం నుంచి కుడి కంటి ముందు నల్లటి చుక్కలు ఈగల్లా తేలుతున్నాయి, చీకట్లో మెరుపు మెరిసినట్లవుతోంది. లేజర్ ఫెయిలయిందా? మళ్లీ చేయించుకోవచ్చా?
— ఒక సోదరి, సైనిక్‌పురి

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేయించాను. ఇతర పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. హఠాత్తుగా చుక్కలు తేలడం, మెరుపులు కనిపించడం, ఒక పక్క తెర దించినట్లు నల్లబడటం రెటీనా చిరగడానికి సూచనలు కావచ్చు. అదే రోజు కనుపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా డాక్టరుకు చూపించాలి. చిరుగు మాత్రమే ఉంటే దాని చుట్టూ మరో రకం లేజర్‌తో కట్టుదిట్టం చేస్తే సరిపోతుంది. రెటీనా ఊడిపోయాక పెద్ద ఆపరేషన్ తప్పదు.

లాసిక్‌కూ దీనికీ సంబంధం లేదు. ఆ మాటకొస్తే లాసిక్ దీన్ని ఆపలేదు కూడా. మామూలు కనుగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లుంటే, మైనస్ 8 కన్ను 27 దాకా సాగి ఉంటుంది, దాంతోపాటే లోపలి రెటీనా కూడా సాగి అంచుల్లో పలుచబడుతుంది. లేజర్ పైనున్న కార్నియాను చదును చేసిందే తప్ప కనుగుడ్డును పొట్టిది చేయలేదు. అద్దాలు పోయినంత మాత్రాన అది మైనస్ కన్ను కాకుండా పోదు. ఏడాదికోసారి రెటీనా పరీక్ష మానకూడదని చేయించుకునే రోజు చెబుతారు, అద్దాలు లేని సంతోషంలో అది ఎవరికీ గుర్తుండదు.

0.75 విషయానికి వస్తే, పెద్ద పవర్లలో పదేళ్ల తరవాత కొంత తిరిగి రావడం సాధారణమే, దాన్ని వైఫల్యం అనరు. మళ్లీ చెక్కాలంటే ఫ్లాప్ కింద ఎంత మిగిలిందో కొలవాలి. మైనస్ 8కి ఇప్పటికే చాలా పోయి ఉంటుంది. బండి నడిపేటప్పుడు మాత్రం పలుచని అద్దాలు పెట్టుకుంటే సరిపోయే పవర్ ఇది, రెండేళ్లలో చత్వారం మొదలయ్యాక అదే మీకు కలిసొస్తుంది.

ఆపరేషన్‌కు ముందు తీసిన పవర్, కార్నియా వంపు, మందం కొలతల కాగితాలు మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఆ ఆసుపత్రి నుంచి ఇప్పుడే అడిగి తెచ్చుకోండి. రేపు శుక్లం వచ్చినప్పుడు పెట్టే లెన్సు పవర్ లెక్కించడానికి అవి పనికొస్తాయి. కార్నియా పలుచబడిన కంటిలో ఒత్తిడి కొలిస్తే అసలు కన్నా తక్కువగా చూపిస్తుంది కనుక, నీటికాసుల పరీక్ష చేసే ఏ డాక్టరుకైనా లాసిక్ జరిగిందని మీరే ముందుగా చెప్పాలి.

ప్రశ్న: బాబుకు ఎనిమిది నెలలు, పాలిస్తున్నాను. ప్రసూతి సెలవు అయిపోయేలోగా లేజర్ చేయించుకోవచ్చా?
— ఒక సోదరి, మియాపూర్

జవాబు: ఆగండమ్మా. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు హార్మోన్ల వల్ల పవర్ కొంచెం అటూ ఇటూ అవుతుంది, కన్నీరు తగ్గుతుంది. అప్పటి కొలత పట్టుకుని చెక్కితే తరవాత తేడా వస్తుంది. పాలు మాన్పించిన మూడు నెలల తరవాత కొత్తగా పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: క్యాబ్ నడుపుతాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు రాత్రి ట్రిప్పులే ఎక్కువ. మైనస్ 3 ఉంది. ఒకచోట దసరా ఆఫర్ ఇస్తున్నారు. లేజర్ తరవాత రాత్రి లైట్లు చెదిరినట్లు కనిపిస్తాయంటారు, నిజమేనా? ఇన్సూరెన్స్ వస్తుందా? ఎన్నాళ్లు పని మానాలి?
— ఒక సోదరుడు, ఆరాంఘర్

జవాబు: మీ పవర్‌కు, కార్నియా మందం సరిగా ఉంటే, లాసిక్, స్మైల్, పీఆర్కే మూడూ కుదురుతాయి. మీ పని రాత్రిపూట కాబట్టి లైట్ల సంగతి మీరు అడగడమే మంచిదయింది, చాలామంది అడగరు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఆధ్వర్యంలో జరిగి 2017లో ప్రచురితమైన అధ్యయనాల్లో, ఆపరేషన్‌కు ముందు ఇలాంటి ఇబ్బంది ఏదీ లేనివారిలో దాదాపు సగంమందికి మూడు నెలల తరవాత లైట్ల చుట్టూ వలయాలో, చెదిరిన కాంతో, ఏదో ఒకటి కొత్తగా కనిపించింది. అయినా రోజువారీ పనులకు చాలా కష్టమైనవారు ఒక శాతం లోపే, సంతృప్తి చెందినవారు చాలా ఎక్కువ. ఈ రెండు ముక్కలూ కలిపే వినాలి. చీకట్లో మీ కనుపాప ఎంత పెద్దదవుతుందో కొలిపించుకుని, చెక్కే వలయం అంతకన్నా చిన్నది కాకుండా చేయగలరా అని అడగండి. మొదటి కొన్ని వారాలు రాత్రి ట్రిప్పులు పెట్టుకోకండి. లాసిక్, స్మైల్ అయితే మర్నాటి పరీక్షలో చూపు బాగుందని డాక్టరు చెప్పాక పగటిపూట నడపవచ్చు, పీఆర్కే అయితే వారం పది రోజులు బండి ముట్టుకోకూడదు.

ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక మినహాయింపుల ప్రకారం పవర్ 7.5 డయాప్టర్ల కన్నా తక్కువ ఉంటే చూపు సరిచేసే చికిత్సకు డబ్బు రాదు. మీ మూడుకు రాదనే లెక్క వేసుకోండి. ఆఫర్ ధరలో స్కాన్‌లు, తరవాతి పరీక్షలు, పవర్ మిగిలితే రెండోసారి చేయడం కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. స్కాన్ తీసిన రోజే అడ్వాన్స్ కట్టమని తొందరపెడితే ఇంటికి వచ్చేయండి.

ఆపరేషన్ రోజు మత్తు ఇంజెక్షన్ ఉండదు, చుక్కల మందుతోనే తిమ్మిరి ఎక్కిస్తారు. ఒక్కో కంటికి లేజర్ పడేది నిమిషం లోపే. ఎర్రటి లేదా పచ్చటి లైటు వైపు చూస్తూ ఉండమంటారు, మధ్యలో కొన్ని క్షణాలు చూపు పూర్తిగా మసకబారుతుంది, కంగారు పడవద్దు. ఇంటికి వెళ్లాక నాలుగైదు గంటలు మంట, నీళ్లు ఉంటాయి, కళ్లు మూసుకుని పడుకోవడమే మందు. వారం రోజులు తలస్నానం నీళ్లు కళ్లలో పడనివ్వకండి, మంగలి షాపులో వెనక్కి వాల్చి తల కడిగించుకుంటే ఇబ్బంది లేదు. ఈత నెల రోజులు వద్దు. కారులో ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా రెక్కలు పక్కకు తిప్పుకోండి, పొడి కళ్ల చుక్కలు డ్యాష్‌బోర్డు ఎండలో కాకుండా చల్లని చోట ఉంచండి. రెండు రకాల సీసాలు ఇస్తారు. పొడి తగ్గించేవి నెలల తరబడి వాడుకోవచ్చు. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం చీటీలో రాసిన వారాల వరకే. హాయిగా ఉందని సీసా అయిపోగానే మళ్లీ కొనుక్కుని వాడితే, పీఆర్కే చేయించుకున్నవారైతే మరీనూ, కంటి ఒత్తిడి మీకు తెలియకుండానే పెరిగిపోతుంది.